కుడి మూల ఖాళీ

సెప్టెంబర్ 9

ఇవాళ ఆఫీసు పని పక్కన పెట్టి అక్క చార్టు వేశాను. లిఫ్టు మధ్యలో ఆగిపోతే మెకానిక్కులు ఏం చేయాలో పద్దెనిమిదేళ్లుగా డబ్బాలూ బాణాలూ గీసి పెడుతున్నదాన్ని, పాతిక డబ్బాలు గీయడం ఎంతసేపులే అనుకున్నాను. పొద్దున పదింటికి కూర్చుంటే సాయంత్రం అయిదయింది.

మొదట డబ్బాలు గీసి, మాటలు విడిగా టైప్ చేసి వాటి మీద పెట్టాను. డబ్బాని జరిపితే మాట జరగలేదు. "నీళ్లు" ఒక చోట, దాని డబ్బా ఇంకో చోట. కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పు ఇది. డబ్బా మీద రెండుసార్లు నొక్కి దాని లోపలే టైప్ చేస్తే రెండూ కలిసి కదులుతాయని అందరికీ పాఠం చెప్పేది నేనే. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను.

అడ్డం పేజీ. వరసకి ఆరు, నాలుగు వరసలు. నీళ్లు, మందు, నొప్పి, దురద, దిండు, దుప్పటి, కిటికీ, ఫ్యాను, పక్కకి తిప్పు, కాళ్లు చాపు, ముఖం తుడువు, బాత్రూమ్... ఇలా ఇరవై మూడు వచ్చాయి. ఇరవై నాలుగోది ఏం రాయాలో తోచలేదు. కుడివైపు కింది మూల ఖాళీగా వదిలేశాను.

సెప్టెంబర్ 10

అక్క ఒళ్లో దిండు పెట్టి, దాని మీద చార్టు పెట్టి, కుడిచెయ్యి తీసి ఆనించాను. ఆ చేతిలో ఇప్పుడు చూపుడువేలు ఒక్కటే మాట వింటోంది. ముప్పై అయిదేళ్లు దర్జీ కత్తెర పట్టిన చెయ్యి. ఆ వేలితోనే వరస వరసా తడిమి చూసింది. గీతలు సమంగా లేకపోతే ఊరుకునే మనిషి కాదు. తనూ జన్మంతా ఇదే పని చేసింది కదా, ఖాకీ కాగితం మీద ఆకారాలు కోసి ఒక్కోదాని మీదా "ముందు", "వీపు", "చెయ్యి", "కాలరు" అని పెన్సిలుతో రాసుకుంటూ.

వేలు "దురద" మీద ఆగింది. ముక్కు గోకాను. ఇద్దరం నవ్వాం. అక్క నవ్వు ఇప్పుడు కళ్లలోనే.

జనవరిలో మాట ముద్దయింది. మేలో పూర్తిగా పోయింది. ఆగస్టులో ఎడమచెయ్యి. నరాల జబ్బు, మందు లేదు, మతికి మాత్రం చివరిదాకా ఏమీ కాదు అన్నాడు డాక్టరు. అదేదో శుభవార్త అయినట్టు చెప్పాడు.

సెప్టెంబర్ 16

ఆసుపత్రి. అక్క చక్రాల కుర్చీలో బయటే ఉంది, నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను.

డాక్టరు అన్నాడు: "ఊపిరి తీసుకునే కండరాలు కూడా నీరసపడుతున్నాయి. మూడు నాలుగు నెలల్లో మాస్కు చాలదు. అప్పుడు గొంతుకి రంధ్రం పెట్టి మెషీన్‌కి కలపాలి. ఒకసారి కలిపితే ఇక బతికినన్నాళ్లూ దాంతోనే. వద్దనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి బాధ తెలియకుండా చూసుకునే బాధ్యత మాది. ఏదన్నదీ ఆవిడే చెప్పాలి. నేను అడగనా, మీరు అడుగుతారా?"

"నేనే నెమ్మదిగా అడుగుతాను" అన్నాను. "ఒకవేళ చెప్పలేని స్థితి వస్తే?"

"అప్పుడు మీ మాటే ఆవిడ మాట."

ఆ ఒక్క వాక్యం కొంగున ముడేసుకుని బయటికి వచ్చాను. ఏమన్నాడు అన్నట్టు చూసింది అక్క. మాస్కు సరిగ్గా పెట్టుకోమన్నాడని చెప్పాను.

సెప్టెంబర్ 22

వారంగా ముసురు, పొద్దున బస్సులో చలి. నీలం కోటు దులిపి తీశాను. అక్క కుట్టింది, పదిహేనేళ్ల కిందట. బొత్తాలు కాజాల దాకా రావడం లేదు. అద్దం అక్క మంచం ఎదురుగానే కాబట్టి అక్కడే నిలబడి కడుపు లోపలికి పీల్చి, ఊపిరి బిగపట్టి, చివరికి బొత్తాలు పెట్టకుండానే వెళ్లాను. రోజంతా కుర్చీలో కూర్చుని బాణాలు గీసే మనిషి నడుము ఇంకెలా ఉంటుంది.

వెళ్లొస్తానని చెప్పబోతే అక్క వేలు చార్టు మీద పాకుతోంది. కుడి మూల ఖాళీ గడి దాకా వెళ్లి ఆగింది. "అక్కడేం లేదక్కా" అన్నాను. వేలు తియ్యలేదు. బస్సుకి ఆలస్యమైపోయింది.

సెప్టెంబర్ 24

నిన్నా అంతే. ఇవాళా అంతే. పొద్దున నేను తెమిలే వేళకి వేలు ఆ మూలకే.

చార్టులో లేని మాట ఏదో చెప్పాలనుకుంటోంది. అదేమిటో నాకు తెలియదు.

సెప్టెంబర్ 25

ఆసుపత్రి తలుపు పల్చటిది. డాక్టరు గొంతు పెద్దది. అక్క విని ఉంటుందా?

సెప్టెంబర్ 26

ఖాళీలో "రేడియో" పెట్టాను. ఇరవై నాలుగూ నిండాయి. పేజీ చూడ్డానికి కూడా ఇప్పుడే బాగుంది.

అక్టోబర్ 4

వేలు "రేడియో" మీద పెట్టింది. రేడియో పెట్టాను. ఇంకా అక్కడే ఉంచింది. సౌండు తగ్గించాను, స్టేషన్ మార్చాను, కట్టేశాను. వేలు మెల్లగా గడి దాటి, కింద తెల్ల అంచు మీదికి జారింది.

ఆ అంచు ప్రింటరు కోసం వదిలిందక్కా, అక్కడ మాటలు రావు అన్నాను. విసుగ్గా అన్నాను. తర్వాత ఏడుపొచ్చింది.

అక్టోబర్ 11

కొత్త చార్టు. వరసకి ఏడు, ఆరు వరసలు. అంచు తగ్గించాను. మొత్తం నలభై రెండు. "గోళ్లు కత్తిరించు", "కర్టెన్ సగం తియ్యి", "చెవి దగ్గర దిండు" దాకా వచ్చాను. డబ్బాలు చిన్నవయ్యేసరికి మాటలు బయటికి పొంగాయి. టెక్స్ట్ దానంతటదే సర్దుకునే సెట్టింగ్ పెడితే అక్షరాలు చీమల్లా అయ్యాయి. పరవాలేదు, అక్క కళ్లకేం, సూదిబెజ్జంలో చీకట్లో దారం ఎక్కించిన కళ్లు.

ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

అక్టోబర్ 14

వారానికి మూడుసార్లు వచ్చే నర్సుకి నోరు ఎక్కువ. చార్టు చూసి, "ఇన్నెందుకమ్మా? ఆవిడ వేలు పెడితే నాలుగు మాటలు కప్పేస్తోంది. ఏది చెప్తున్నారో ఎలా తెలుస్తుంది?" అంది.

"నాకు తెలుస్తుంది" అన్నాను.

సంచిలోంచి ఒక కాగితం తీసింది. అక్షరాల పట్టిక. "వరసలు ఒక్కోటీ చూపించండి. కావలసిన వరస రాగానే కళ్లు మూస్తారు. తర్వాత ఆ వరసలో అక్షరం. మాట తర్వాత మాట. మనం రాసిపెట్టినవే కాకుండా ఆవిడకేం కావాలో అవి చెప్పొచ్చు."

"మన అక్షరాలు ఎన్ననుకున్నారు? దానికి గుణింతాలు, ఒత్తులు. అక్క అలసిపోతుంది."

"అలసిపోతే ఆవిడే మానేస్తారు కదమ్మా. ఒకసారి అడగండి."

అడుగుతాలెండి అని కాగితం కుట్టుమిషను సొరుగులో పెట్టాను. అక్క చూసింది నేను ఎక్కడ పెట్టానో.

అక్టోబర్ 30

ఆఫీసులో పెద్ద మెకానిక్కు నేను గీసిన లిఫ్టు చార్టు తిప్పి పంపలేదు, తనే పట్టుకుని వచ్చాడు. రిటైర్మెంటు దగ్గరపడినా ఇంకా తాళ్లు పట్టుకుని కిందికి దిగే మనిషి. నా బల్ల మీద కాగితం పరిచి ఒక డైమండ్ ఆకారపు గడి మీద వేలు పెట్టాడు. ప్రశ్నలన్నీ డైమండ్లలోనే రాస్తాం. దీంట్లో ప్రశ్న "లోపలి మనిషి పలికారా?". దాంట్లోంచి "పలికారు" అని ఒక్క బాణమే బయటికి వచ్చింది.

"పలక్కపోతే ఎటు పోవాలండీ? దారే లేదు ఇందులో."

డైమండ్ గీస్తే రెండు బాణాలు రావాలి. ఈ పనిలో అ ఆ లు అవి. పొరపాటైంది, దిద్దుతానన్నాను.

"పొరపాటు ఎవరికైనా వస్తుందిలెండి. నేను చెప్పేది ఒక్కటే. పలకలేదంటే వినపడట్లేదని కాదు. భయంతో గొంతు రాదు కొందరికి. తలుపు మీద తట్టి, నేనిక్కడే ఉన్నాను, మీరు కూడా ఒకసారి తట్టండి అని చెప్పి ఆగాలి. మనోళ్లు ఆగరు. వాళ్ల భయం వాళ్లది."

రెండో బాణం గీశాను.

నవంబర్ 3

అక్క చార్టు మీద వేలు పెట్టడం మానేసింది. పొద్దున్నుంచి ఒక్కసారి కూడా. దిండు సర్దనా అంటే కళ్లు మూసింది. అంటే అవును. నొప్పా అంటే చూపు పక్కకి తిప్పింది. అంటే కాదు. అడిగినదానికి జవాబు చెప్తోంది, అంతే.

నవంబర్ 8

కొత్త కోటు కొన్నాను. బూడిద రంగు. అక్క ముందు నిలబడి అటూ ఇటూ తిరిగి, "ఎలా ఉందే? రెడీమేడ్ అయినా బానే పట్టింది" అన్నాను. అక్క చాలాసేపు చూసింది. తర్వాత చూపు తలుపు వైపు తిప్పుకుంది. తలుపు వెనక మేకుకి వేలాడుతున్న బట్టలు తప్ప అక్కడ ఏమీ లేవు.

రెడీమేడ్ బట్టలంటే మొదట్నుంచీ దానికి మంట.

నవంబర్ 17

మాస్కు పెట్టినా నిద్రలో ఉలిక్కిపడుతోంది. వేలు కూడా బరువైంది. ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లడానికి నిమిషం.

నవంబర్ 19

ఇది నేనొక్కదాన్నే చదివే పుస్తకం కాబట్టి రాస్తాను.

నేను ఎదురుచూస్తున్నాను. ఆ వేలు కూడా ఆగిపోతే, డాక్టరు నన్ను అడుగుతాడు. నేను మెషీన్ పెట్టమంటాను. అక్క ఉంటుంది. మాట్లాడకపోయినా, కదలకపోయినా, ఆ గదిలో ఉంటుంది. అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు, దానికి పంతొమ్మిది. అప్పట్నుంచీ అదే నాకు ఇల్లు. మొగుడు వెళ్లిపోయినప్పుడు నేను పెట్టె పట్టుకుని వస్తే ఎందుకని కూడా అడగలేదు, "పిల్లకాకీ, మిషను పక్కకి జరుపు, నీ మంచం పడుతుంది" అంది. దాన్ని పోనివ్వలేను. అందుకే అడగలేదు. అందుకే గడులన్నీ నింపాను. ఆ ఖాళీలో "వద్దు" ఉందని నాకు తెలుసు.

డైమండ్ గీసి ఒక్క బాణమే వదిలాను. మర్చిపోయి కాదు.

నవంబర్ 22

కొత్త పేజీ. మధ్యలో ఒక్క డైమండ్. "ఊపిరాడక బాధ ఎక్కువైనప్పుడు గొంతుకి రంధ్రం పెట్టి మెషీన్‌కి కలపమంటావా" అని టైప్ చేస్తే ఆకారం పట్టలేదు, అంచుల బయటికి వచ్చేసింది. కోసి కోసి "మెషీన్ పెట్టాలా?" దగ్గర ఆపాను. కుడికి ఒక బాణం, "పెట్టు". ఎడమకి ఒక బాణం, "వద్దు".

అంతా అయ్యాక కాస్త దూరం జరిగి చూశాను. "పెట్టు" డబ్బా ఆకుపచ్చగా, అరచెయ్యంత ఉంది. "వద్దు" బూడిద రంగులో, దాంట్లో సగం. నా చేతులే అలా గీశాయి. నేను చెప్పలేదు వాటికి. రెండూ ఎంచుకుని ఒకే కొలత, ఒకే ఫాంటు, రంగు లేకుండా చేసి ప్రింటు తీశాను.

నవంబర్ 23

నర్సుని ఉండమన్నాను. డాక్టరు అన్నదంతా అక్కకి చెప్పాను, సెప్టెంబరు నుంచి దాచినదానితో సహా. అక్క కళ్లు నా మీదే ఉన్నాయి. కోపం ఉంటుందనుకున్నాను. లేదు.

పేజీ పెట్టాను. వేలు డైమండ్ మీదికి వెళ్లి, ప్రశ్న మీద కాసేపు ఉండి, ఎడమకి తిరిగింది.

వద్దు.

మళ్లీ అడిగాను. వద్దు. వేలు అలవాటుగా ఎడమకి పోతోందేమో అని రెండు డబ్బాలూ తారుమారు చేసి ఇంకో ప్రింటు తీసుకొచ్చాను. ఈసారి "వద్దు" కుడివైపు. వేలు పాక్కుంటూ పాక్కుంటూ అంత దూరమూ కుడికి వెళ్లింది.

"చాలమ్మా, ఇంక ఆవిణ్ని కష్టపెట్టకండి" అంది నర్సు. ఆవిడ నోరు ఎక్కువని రాశాను కదా, తప్పు. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

నవంబర్ 24

డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాను. సరే అన్నాడు. నేనూ సరే అన్నాను.

నవంబర్ 26

పాత చార్టు, మొదటి ఇరవై మూడుతో వేసింది, మళ్లీ పెట్టాను. కుడి మూల ఖాళీతో. ఇక దాచేదేముంది.

పొద్దున తెమిలి వెళ్లొస్తానంటే, వేలు బయల్దేరింది. ఎంతసేపు పట్టిందో. ఆ ఖాళీ మీదికే వెళ్లి ఆగింది.

"మెషీన్ సంగతేనా? చెప్పావు కదే, విన్నాను కదే" అన్నాను. చూపు పక్కకి. కాదు.

ఆఫీసుకి సెలవు చెప్పి, మిషను సొరుగులోంచి అక్షరాల కాగితం తీశాను.

నవంబర్ 27

నిన్నా ఇవాళా కలిపి పూర్తయింది. లో. ప. ల. గు.

అక్కడ ఆగలేక, "గుండెనా? లోపల గుండె నొప్పా?" అన్నాను. మంటగా పక్కకి చూసింది. తొందరపడి మధ్యలో అడ్డం రావడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న రోగం. నోరు మూసుకుని వరసలు చూపించాను.

"లోపల గుడ్డ ఉంది. విప్పు."

నాకు అర్థం కాలేదు. అక్క చూపు తలుపు మీదికి వెళ్లింది. మేకు మీదికి. నీలం కోటు.

కత్తెర తెచ్చి దాని ముందే అస్తరు విప్పాను. రెండు పక్క కుట్ల లోపలా రెండేసి అంగుళాల గుడ్డ మడిచి ఉంది. ఎవరి బట్ట కుట్టినా అక్క లోపల గుడ్డ వదులుతుంది. మనుషులు ఒక్కలాగే ఉండరు కదా అనేది. నేనే మర్చిపోయాను.

సెప్టెంబరు ఇరవై రెండు నుంచి ఇదే చెప్తోంది. కోటు బొత్తాలు పెట్టుకోకుండా చలిలో పోతున్నానని. నేను దాని నోటికి రేడియో అడ్డం పెట్టాను, గోళ్లు అడ్డం పెట్టాను, నలభై రెండు డబ్బాలు అడ్డం పెట్టాను. నా భయం దాని మాట అనుకున్నాను. రెండు నెలలు. దాని దగ్గర ఉన్నవే మూడో నాలుగో.

"క్షమించవే" అన్నాను. కళ్లు మూసి తెరిచింది. తర్వాత చూపు మళ్లీ కోటు మీదికి. ముందు పని చూడు అని.

డిసెంబర్ 2

నాకు కుట్టు రాదు. దర్జీ చెల్లెల్ని అయ్యుండీ గుండీ కూడా అదే కుట్టిపెట్టేది. అందుకని నాకు వచ్చిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. ఇంటి కంప్యూటర్లో కోటు ముక్కలు గీశాను, కొలతకి సరిగ్గా. ఒక్కోదాని లోపల రెండుసార్లు నొక్కి "ముందు", "వీపు", "పక్క", "చెయ్యి" అని టైప్ చేశాను. పాత కుట్టు గీత నలుపు, కొత్త కుట్టు గీత ఎరుపు. ఎరుపు గీతని కొంచెం కొంచెం బయటికి జరుపుతుంటే అక్క చూసి చెప్పింది. చంక దగ్గర జరిపితే కాదు. నడుము దగ్గర అవును.

"మొత్తం రెండంగుళాలూ విప్పెయ్యనా?" కాదు.

"ఒకటా?" అవును.

"మిగతాది కుట్టుకి పట్టు కోసమా?" కాదు.

"మరెందుకే?"

అక్షరాల కాగితం తెచ్చాను. మధ్యాహ్నం దాకా పట్టింది. "ఇంకా లావెక్కుతావు."

ఎంత నవ్వానో. అక్క కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తుడిచాను.

డిసెంబర్ 9

కుట్టు వంకరగా వచ్చింది. అక్క మూడుసార్లు విప్పించింది. నాలుగోసారి ఒప్పుకుంది, ఇక చాలురా దేవుడా అన్నట్టు.

బొత్తాలు పట్టాయి.

డిసెంబర్ 12

వేలు ఆగిపోయింది. కళ్లు ఉన్నాయి.

డిసెంబర్ 18

డాక్టరు మాట నిలబెట్టుకున్నాడు. బాధ తెలియలేదు. పొద్దున ఏడున్నరకి. నర్సు ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి.

డిసెంబర్ 20

దిండు. దుప్పటి. కిటికీ. పక్కకి తిప్పు.

జనవరి 6

ఆఫీసుకి వెళ్లాను. పెద్ద మెకానిక్కు నా బల్ల దగ్గరికి వచ్చి, దాని మీద ఒకసారి తట్టి వెళ్లాడు. కొత్త భవనం చార్టు గీశాను. ప్రశ్న ఉన్న ప్రతిచోటా రెండు బాణాలు ఉన్నాయో లేవో లెక్కపెట్టాను. కుడి మూల ఒక గడి మిగిలితే దాన్ని అలాగే వదిలేశాను.

జనవరి 9

నీలం కోటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. అద్దంలో నా వెనక మంచం, దాని మీద మడిచిన దుప్పటి. కోటు పక్కల్లో రెండు చారలు కనిపిస్తున్నాయి, ఇన్నాళ్లూ లోపల ఉండి ఎండ తగలని గుడ్డ, పదిహేనేళ్ల కిందటి ముదురు నీలం. బొత్తాలు పెట్టుకున్నాను. వదులుగా ఉంది. నెల రోజుల్లో ఎంత చిక్కిపోయానో అప్పుడు తెలిసింది.

లోపల ఇంకో అంగుళం ఉంది. తడిమి చూశాను.

వంటింట్లోకి వెళ్లి, చాలా రోజుల తర్వాత కూర్చుని తిన్నాను. కడుపు నిండాక ఇంకో రెండు ముద్దలు కూడా తిన్నాను, అక్క మాట పోకూడదని.